తొలి తడబాటు – విద్యార్థి విజయం

విద్యాభ్యాసంలో తొలిదశ మిక్కిలి ముఖ్యమైనదని అందరూ అంగీకరిస్తారు. అయితే ఆ తొలిదశలోనే తడబడిన విద్యార్థి ఏమి చేయాలి అన్న ప్రశ్నకు సమాధానం చెప్పేవారు తక్కువ. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను అతని ముందుంచి చేతులు దులుపుకొనేవారే ఎక్కువ. సామెతలు అనుభవం నుంచి పుట్టినవే. కాని ఏ సామెతా అన్ని వేళలా, అందరికీ వర్తించదు. ఈ సామెతను నమ్మి చదువు మానుకొన్న విద్యార్థుల సంఖ్య తక్కువేమీ కాదు.

తెలుగు బోధించే మాకు విద్యా సంవత్సరం మొదట్లో తరచుగా వినిపించే మాట ఒకటున్నది. "సార్, నాకు తెలుగు రాదు." కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, "నాకు చదువే రాదు" అంటారు. ఈ రెండు మాటల మధ్య చాలా దూరం ఉన్నది. మొదటిది ఒక లోటును చెబుతుంది. రెండవది తన మీద తాను ఇచ్చుకొన్న తీర్పు. లోటును పూరించవచ్చు. తీర్పు ఇచ్చిన తరువాత మాత్రం ఇక విచారణ ఉండదు. చిన్ననాటి తడబాటును మందబుద్ధిగా భావించడం ఎంత పొరపాటో, ఆ తడబాటు ఎక్కడ ఉన్నదో కనిపెట్టి సరిదిద్దుకొనే మార్గం ఏమిటో ఈ వ్యాసంలో వివరించదలచాము.

కష్టం ఎక్కడ ఉన్నది?

హకీము నాడి చూడనిదే మందు ఇవ్వడు. చదువు విషయంలో మాత్రం మనం నాడి చూడకుండానే "ఇంకా ఎక్కువ చదువు" అన్న ఒకే మందును అందరికీ ఇస్తాము. తడబాటుకు కారణాలు అనేకం. వాటిలో ప్రధానమైనవి ఐదు.

మొదటిది శరీరానికి సంబంధించినది. నల్లబల్ల మీది అక్షరాలు సరిగా కనిపించని పిల్లవాడు, ఉపాధ్యాయుని మాట సగమే వినిపించే పిల్లవాడు తనకు ఆ లోపం ఉన్నదని తానే ఎరుగడు. అందరికీ అంతే కనిపిస్తుందని, అంతే వినిపిస్తుందని అనుకొంటాడు. ఒక కళ్ళజోడుతో తీరిపోయే కష్టం మూలంగా ఏళ్ళ తరబడి మొద్దు అనిపించుకొన్న పిల్లలు ఉన్నారు.

రెండవది భాషకు సంబంధించినది. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష అయినప్పుడు విద్యార్థి ఒకే సమయంలో రెండు పనులు చేయవలసి వస్తుంది. పాఠం గ్రహించాలి, పాఠం చెప్పే భాషనూ గ్రహించాలి. రెండవ పనిలో వెనుకబడితే మొదటి పనిలో తెలివి తక్కువవాడన్న పేరు వస్తుంది.

మూడవది విరిగిన మెట్టు. గణితం ఇందుకు మంచి ఉదాహరణ. సగానికి మూడవ వంతును కలపమంటే పైవాటిని పైవాటితో, క్రిందివాటిని క్రిందివాటితో కలిపి 2/5 అని వ్రాసే విద్యార్థి ఉన్నత తరగతులలో కూడా కనిపిస్తాడు. సగం కంటే 2/5 తక్కువ. కలిపిన తరువాత మొత్తం తగ్గిందేమిటి అని అతడు ఆలోచించడు. 1/2 అంటే 3/6 అనీ, 1/3 అంటే 2/6 అనీ, కలిపితే 5/6 అనీ తెలియనంత కాలం బీజగణితం అతనికి కొరకరాని కొయ్యే. అతనికి లోపించినది బీజగణిత బుద్ధి కాదు, చిన్న తరగతిలో జారిపోయిన భిన్నాల పాఠం.

నాల్గవది పుట్టుకతో వచ్చే పఠన క్లేశం. 1887లో బెర్లిన్ అనే జర్మన్ నేత్రవైద్యుడు చదవలేని స్థితికి 'డిస్లెక్సియా' అన్న పేరును వాడాడు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 14 ఏళ్ళ బాలుని గురించి ఒక వైద్య పత్రికలో వ్రాశాడు. ఆ బాలుడు చురుకైనవాడు. ఆటలలో తోటివారికి తీసిపోడు. లెక్కలు చేయగలడు. కాని ఏళ్ళ తరబడి చెప్పించినా చదవడం మాత్రం అలవడలేదు. బోధన అంతా నోటిమాటగా సాగితే బడిలో ఇతడే అందరికంటే తెలివైనవాడు అనిపించుకొంటాడని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు. అక్షరానికీ ధ్వనికీ మధ్య లంకె వేయడంలో ఉండే ఈ ఇబ్బందికి తెలివితో సంబంధం లేదని తరువాతి పరిశోధనలు స్థిరపరిచాయి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇట్టి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. కావున దీనిని దాచుకోవలసిన పని లేదు. తగిన పరీక్ష చేయించి, సహాయం కోరవచ్చు.

ఐదవది భయం. ఒకసారి తరగతిలో నలుగురి ముందు నవ్వులపాలైన విద్యార్థి మరల నోరు విప్పడు. నోరు విప్పనివాని తప్పు బయటపడదు. బయటపడని తప్పును ఎవరూ దిద్దరు. ఈ విధంగా భయం తక్కిన నాలుగు కష్టాలకూ కాపలా కాస్తుంది.

ఉర్దూ ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి

మన కళాశాల వంటి చోట రెండవ కారణం తక్కినవాటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కావున దానిని కొంత విపులంగా పరిశీలిద్దాము. ఇంట్లో ఉర్దూ మాట్లాడే విద్యార్థికి తెలుగులో ఎదురయ్యే చిక్కులు లెక్కలేనివి కావు. వాటిని వేళ్ళ మీద లెక్కించవచ్చు.

లిపి విషయం చూద్దాము. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది, తెలుగు ఎడమ నుంచి కుడికి. ఇది పెద్ద అడ్డంకిగా కనిపిస్తుంది గాని నిజానికి చిన్నది. ఉర్దూలో సైతం అంకెలను ఎడమ నుంచి కుడికే వ్రాస్తారు. ఆ నడక చేతికి ముందే తెలుసు. అసలు చిక్కు అచ్చుల దగ్గర వస్తుంది. ఉర్దూలో జబర్, జేర్, పేష్ అనే హ్రస్వ చిహ్నాలను సాధారణంగా వ్రాయరు. చదివేవాడు సందర్భాన్ని బట్టి తానే పూరించుకొంటాడు. తెలుగులో తలకట్టు మొదలుకొని ప్రతి గుణింతపు గుర్తునూ వ్రాసి తీరాలి. ఉర్దూ చదివిన కన్ను ఈ గుర్తులను అలవాటుకొద్దీ దాటవేస్తుంది. వ్రాతలో గుణింతాల తప్పులు దొర్లడానికి ఇదొక ముఖ్య కారణం. అజాగ్రత్త అని మందలించినందువల్ల అవి పోవు. కారణం చెబితే సగం పోతాయి.

ఇక ఎత్వ ఏత్వాలు, ఒత్వ ఓత్వాలు. ఉర్దూలో ఎ, ఒ అనే హ్రస్వాలు విడి అచ్చులుగా లేవు, దీర్ఘాలే ఉన్నాయి. అందువల్ల నెలకూ నేలకూ, మెడకూ మేడకూ, కొనకూ కోనకూ గల భేదం మొదట చెవికి అందదు. చెవికి అందనిది చేతికి రాదు. కావున ఈ జంటలను ముందు పదే పదే వినాలి, తరువాత పలకాలి, ఆ తరువాతనే వ్రాయాలి.

హల్లులలో ళ, ణ అనేవి ఉర్దూలో లేవు. ద్విత్వాన్ని తెలిపే తష్దీద్ ఉర్దూలో ఉన్నా వ్రాతలో తరచుగా విడిచిపెడతారు. తెలుగులో ఒత్తు విడిచిపెడితే అర్థమే మారిపోతుంది. కల వేరు, కళ వేరు, కల్ల వేరు. నిద్రలో వచ్చేది ఒకటి, నేర్చుకొనేది ఒకటి, ఆడకూడనిది ఒకటి. ఈ మూడు మాటలను తప్పు లేకుండా పలికి వ్రాయగలిగిన విద్యార్థి సగం దారి నడిచినట్లే.

వ్యాకరణంలో లింగం మరొక చిక్కు. ఉర్దూలో ప్రతి నామవాచకమూ పుంలింగమో స్త్రీలింగమో అయి తీరుతుంది. పుస్తకం సైతం స్త్రీలింగమే. తెలుగులో పద్ధతి వేరు. అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, అది వచ్చింది. ఏకవచనంలో స్త్రీని గురించి చెప్పే క్రియ వస్తువులతో కలుస్తుంది. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో చేరి "వారు వచ్చారు" అవుతుంది. ఈ ఒక్క సూత్రాన్ని పది వాక్యాలలో వాడి చూపితే చాలు. అది తెలియకపోతే ఏళ్ళు గడిచినా తప్పు తప్పుగానే ఉంటుంది.

మేము, మనము అన్న భేదం కూడ ఇట్టిదే. ఉర్దూలో రెంటికీ 'హమ్' ఒక్కటే మాట. తెలుగులో ఎదుటివానిని కలుపుకొంటే మనము, విడిచిపెడితే మేము. స్నేహితుని తోడు రమ్మంటూ "మేము సినిమాకు పోదాము" అన్న విద్యార్థిని చూసి నవ్వడం తేలిక. అతని భాషలో లేని భేదాన్ని అతనికి విడమరచి చెప్పడం ఉపాధ్యాయుని పని.

సమాసాలలో మాటల వరుస కూడ తిరగబడుతుంది. 'హుబ్బె వతన్'లో ప్రేమ ముందు, దేశం వెనుక. 'దేశభక్తి'లో దేశం ముందు, భక్తి వెనుక. సంధుల మూలంగా తెలిసిన మాటలు సైతం తెలియనివిగా కనిపిస్తాయి. 'పుస్తకము' తెలుసు, 'ఎక్కడ' తెలుసు, 'పుస్తకమెక్కడ' అంటే మాత్రం విద్యార్థి ఆగిపోతాడు. ఇక్కడ లోపించినది పదజ్ఞానం కాదు, విడదీసే అలవాటు.

చేతిలో ఉన్న ధనం

చిక్కులను మాత్రమే లెక్కించి ఊరుకోవడం న్యాయం కాదు. ఉర్దూ ఇంటి విద్యార్థి వట్టి చేతులతో తరగతికి రాడు.

వాక్య నిర్మాణం చూడండి. ఉర్దూలోను, తెలుగులోను కర్త ముందు, కర్మ తరువాత, క్రియ చివర వస్తాయి. విభక్తులు నామవాచకం వెనుకనే చేరుతాయి. ఇంగ్లీషు నేర్చుకొనేటప్పుడు మార్చుకోవలసిన వరుసను తెలుగు నేర్చుకొనేటప్పుడు మార్చుకోనక్కరలేదు. మన ప్రాంతపు దక్కనీలో ఈ దగ్గరతనం మరీ ఎక్కువ. "ఆతూఁ బోల్‌కే బోల్యా" అన్న వాక్యంలోని 'బోల్‌కే' తెలుగులోని 'అని' చేసే పనినే చేస్తుంది. "వస్తాను అని చెప్పాడు" అన్న తెలుగు వాక్యపు అచ్చు ఆ దక్కనీ వాక్యంలో ఉన్నది. శతాబ్దాల పాటు ఇరుగుపొరుగున బ్రతికిన భాషలు ఒకదాని నడకను ఒకటి నేర్చుకొన్నాయి. తెలుగు తనకు పరాయిదని భావించే విద్యార్థి తన తల్లి మాటలలోనే తెలుగు నడకను రోజూ వింటున్నాడు.

పదాల విషయమూ అంతే. కలం, కాగితం, జవాబు, హాజరు, తారీఖు, రైతు, జిల్లా, వకీలు, దుకాణం, రసీదు, హక్కు, ఖర్చు, వసూలు – ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలు. కొన్నింటికి తెలుగులో అర్థం కొంత మారింది. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న, తెలుగులో సవాలు అంటే పోటీకి పిలుపు. ఇట్టి మాటలను ఒక పుస్తకంలో వ్రాసుకొంటూ పోతే మొదటి వారంలోనే వంద మాటలు తనకు ముందే తెలుసునని విద్యార్థి గ్రహిస్తాడు.

ఉచ్చారణలోనూ ఒక మేలు ఉన్నది. తెలుగు ఇళ్ళ పిల్లలు అనేకులు 'భాష'ను 'బాష' అనీ, 'ధనం'ను 'దనం' అనీ పలుకుతారు. ఉర్దూలో ఖ, ఘ, ధ, భ వంటి ధ్వనులు నిత్య వాడుకలో ఉన్నవే కనుక మన విద్యార్థి పదం మొదట వాటిని తేలికగా పలుకుతాడు. బే, పే, తే అక్షరాల రూపం ఒకటే అయినా చుక్కలను బట్టి వేరు చేయడం నేర్చిన కన్నుకు ద–ధ, చ–ఛల మధ్య ఉన్న చిన్న గీతను గుర్తించడం కష్టం కాదు. తెలుగు ఇంటి విద్యార్థి ఇతనికి నెల–నేల నేర్పవచ్చు, ఇతడు అతనికి భాష–బాష భేదం చెప్పవచ్చు. నేర్చుకొనేవాడు నేర్పేవాడు కూడ అయినప్పుడు సిగ్గు తొలగిపోతుంది.

పెద్దల జీవితాల నుంచి

తొలి కష్టాలను దాటినవారి చరిత్రలు మనకు దారి చూపుతాయి. మూడింటిని మాత్రం ప్రస్తావిస్తాము.

మహాత్మాగాంధీ తన ఆత్మకథలో విద్యార్థి దశను గురించి దాపరికం లేకుండా వ్రాసుకొన్నారు. చిన్నతనంలో ఎక్కాలు కంఠస్థం చేయడం ఆయనకు కష్టమయింది. రాజకోటలోని ఉన్నత పాఠశాలలో నాల్గవ తరగతికి వచ్చేసరికి చాలా పాఠాలు ఇంగ్లీషులో చెప్పసాగారు. రేఖాగణితం కొత్త, భాష కొత్త. ఉపాధ్యాయుడు బాగానే చెబుతున్నా ఆయనకు బోధపడేది కాదు. మరల మూడవ తరగతికి వెళ్ళిపోదామా అని కూడ ఆలోచించారు. అయినా వదలక కృషి చేస్తూ యూక్లిడ్ పదమూడవ సిద్ధాంతం దగ్గరకు రాగానే ఆ శాస్త్రం ఎంత సులభమైనదో ఒక్కసారిగా బోధపడింది. తరువాత అది ఆయనకు ఇష్టమైన విషయమయింది. పన్నెండు సిద్ధాంతాలు చీకటిగా గడచిన తరువాత పదమూడవది వెలుగయింది. పదవ దానివద్దనే పుస్తకం మూసివేసి ఉంటే తనకు రేఖాగణితం రాదన్న నమ్మకమే జీవితాంతం మిగిలేది.

సంస్కృతం విషయంలో వచ్చిన చిక్కు మరింత ఆలోచింపదగినది. అందులో కంఠస్థం చేయవలసినది ఎక్కువ, ఉపాధ్యాయుడు కఠినుడు. ఫారసీ తేలిక అనీ, ఆ ఉపాధ్యాయుడు మెత్తనివాడనీ తోటి పిల్లలు చెప్పుకొనేవారు. బాలగాంధీ ఒకనాడు వెళ్ళి ఫారసీ తరగతిలో కూర్చున్నారు. సంస్కృతోపాధ్యాయుడు నొచ్చుకొని పిలిచి, కష్టం ఉంటే తన దగ్గరకు రమ్మని ప్రేమతో చెప్పారు. ఆయన తిరిగి వచ్చారు. ఆనాడు నేర్చిన కొద్దిపాటి సంస్కృతమే పెద్దయిన తరువాత గ్రంథాలను ఆసక్తితో చదవడానికి ఉపకరించిందని కృతజ్ఞతతో తలచుకొన్నారు. ఫారసీ, అరబ్బీ, సంస్కృతం ఏవీ తక్కువవి కావు. వాటికీ మన పాఠ్యప్రణాళికలో స్థానం ఉండాలని ఆయనే కోరారు. కాని ఇష్టపడి ఒక భాషను ఎన్నుకోవడం వేరు, కష్టానికి భయపడి మరొక భాష చాటుకు పోవడం వేరు. ఆయనను వెనుకకు తెచ్చినది దండన కాదు, "నా దగ్గరకు రా" అన్న ఉపాధ్యాయుని మాట.

రెండవది మన ప్రాంతపు చరిత్ర. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నిజాం కాలమంతా బోధనా భాష ఉర్దూ. ఆనాడు హైదరాబాదు రాజ్యంలో తెలుగు ఇళ్ళ పిల్లలు ఉర్దూలో చదువుకోవలసి వచ్చేది. నేడు ఉర్దూ ఇంటి విద్యార్థి తెలుగు ముందు నిలిచినట్లే ఆనాడు తెలుగు ఇంటి విద్యార్థి ఉర్దూ ముందు నిలిచాడు. డాక్టర్ సి. నారాయణరెడ్డి 1931లో కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో జన్మించారు. ఆయన విద్య ఉర్దూ మాధ్యమంలో సాగింది. తెలుగు మీది మక్కువ ఊరిలో విన్న హరికథలు, జానపద గేయాల వల్ల పెరిగింది. తరువాత తెలుగులో ఎం.ఏ. చేసి, తెలుగు ఆచార్యులై, 'విశ్వంభర' కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకొన్నారు. తెలుగులో గజళ్ళు రచించారు. బడిలో పరాయిదిగా ఎదురైన భాష ఆయన కవిత్వానికి రెండవ రెక్క అయింది. తెలుగు ఇంటివానికి ఉర్దూ సాధ్యమయినప్పుడు ఉర్దూ ఇంటివానికి తెలుగు ఎందుకు సాధ్యం కాదు?

మూడవవారు ఈజిప్టు దేశపు తాహా హుసేన్. 1889లో ఒక పల్లెలో జన్మించి, పసితనంలోనే కంటిజబ్బుకు జరిగిన మోటు వైద్యం వల్ల చూపు కోల్పోయారు. గ్రామంలోని మక్తబులో విని విని ఖురాన్ కంఠస్థం చేశారు. అయితే పునశ్చరణ లేక దానిని మరచిపోయి, తండ్రి పరీక్షించిన నాడు చెప్పలేక సిగ్గుపడవలసి వచ్చిందని తన 'అల్ అయ్యామ్'లో వ్రాసుకొన్నారు. మరల మొదటి నుంచి నేర్చారు. 1902లో అల్ అజ్‌హర్ చేరారు. తరువాత కొత్తగా స్థాపించిన ఈజిప్టు విశ్వవిద్యాలయంలో చదివి 1914లో డాక్టరేటు పొందారు. అబుల్ అలా మఅర్రీ అనే అంధ మహాకవిని గురించి ఆ పరిశోధన సాగింది. పారిస్‌లోని సోర్బాన్‌లో ఇబ్న్ ఖల్దూన్‌పై పరిశోధించి మరొక డాక్టరేటు సాధించారు. 1950లో తన దేశపు విద్యామంత్రి అయ్యారు. చదువు గాలివలె, నీటివలె అందరికీ అందాలన్నది ఆయన సిద్ధాంతం. చూపు లేని ఆయన చదువంతా వినికిడి మీద, ఇతరులు చదివి వినిపించడం మీద సాగింది. ఒక ద్వారం మూసుకొంటే మరొక ద్వారం వెదకాలన్నది ఆయన జీవితం నేర్పే పాఠం.

ఈ ముగ్గురిలో ఒక సామ్యం ఉన్నది. ఎవరూ కష్టం లేనట్లు నటించలేదు. ఒకరు చీకటిలోనే పదమూడవ సిద్ధాంతం దాకా నడిచారు, ఒకరు బడిలో దొరకనిదాన్ని ఊరిలో విని నేర్చారు, ఒకరు మరచినదాన్ని మొదటినుంచి మరల మొదలు పెట్టారు.

సాధన మార్గం

ఇక విద్యార్థి చేయవలసినదేమిటి? ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అర్థం లేని అక్షరాలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలంలో ఎంత మరచిపోతున్నాడో లెక్క కట్టి 1885లో ప్రకటించాడు. నేర్చినదానిలో ఎక్కువ భాగం మొదటి గంటలలోనే జారిపోతుందనీ, తరువాత మరపు వేగం తగ్గుతుందనీ, మరల నేర్చుకొన్నప్పుడు తక్కువ సమయం పడుతుందనీ ఆయన చూపాడు. పరీక్షకు ముందు రాత్రంతా మేల్కొని చదివినది ఎందుకు నిలువదో, రోజూ కొంచెంగా చదివినది ఎందుకు నిలుస్తుందో దీనివల్ల తెలుస్తుంది. ఈ సూత్రం ఆధారంగా కొన్ని సూచనలు చేస్తున్నాము.

1. క్రిందికి దిగడానికి సిగ్గుపడకండి. గుణింతాలు రాని ఇంటర్మీడియట్ విద్యార్థి గుణింతాల పుస్తకమే పట్టుకోవాలి. భిన్నాలు రానివాడు చిన్న తరగతి లెక్కలే చేయాలి. పెద్దయిన తరువాత నేర్చుకొంటే చిన్ననాడు ఏడాది పట్టిన పాఠం కొద్ది వారాలలోనే పట్టుబడవచ్చు.

2. తప్పుల పుస్తకం ఒకటి ఉంచుకోండి. దిద్దిన ప్రతి తప్పునూ అందులో ఎక్కించి, పక్కన సరియైన రూపం వ్రాయండి. నెల తిరిగేసరికి మీ తప్పులు వందరకాలు కావనీ, నాలుగైదు రకాలేననీ మీకే తెలుస్తుంది.

3. రోజుకు అరగంట నియమంగా కేటాయించండి. పది నిమిషాలు బిగ్గరగా చదవండి. పది నిమిషాలు స్నేహితుడు చెబుతుండగా వ్రాయండి. దీనినే ఉర్దూలో ఇమ్లా అంటారు. మిగిలిన పది నిమిషాలు ఇద్దరూ కలిసి దిద్దుకోండి.

4. చూసి చదివినంత మాత్రాన తృప్తి పడకండి. పుస్తకం మూసి, జ్ఞాపకం ఉన్నది కాగితం మీద పెట్టండి. జ్ఞాపకం చేసుకొనే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది.

5. నేర్చినదానిని అదే రోజు రాత్రి ఒకసారి, మూడవ రోజు ఒకసారి, వారానికి ఒకసారి, నెల చివర ఒకసారి చూసుకోండి. రోజుకు ఐదు కొత్త మాటలు చొప్పున 200 పనిదినాలకు వేయి మాటలు అవుతాయి. ఇది ఎవరికీ శక్తికి మించిన పని కాదు.

6. వీధినే పాఠశాలగా చేసుకోండి. దుకాణాల పలకలు, బస్సుల మీది ఊళ్ళ పేర్లు, వార్తాపత్రిక శీర్షికలు కూడబలుక్కొని చదవండి.

7. అడగండి. ఒకే ప్రశ్నను మూడుసార్లు అడిగిన విద్యార్థి మీద ఉపాధ్యాయునికి కోపం రాకూడదు. వచ్చినా అది క్షణికం. అడగకుండా మిగిలిపోయిన సందేహం మాత్రం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

కళాశాల పెద్దలకు మనవి

భారమంతా విద్యార్థి మీదనే మోపడం తగదు. కళాశాల కమిటీ పెద్దల ముందు కొన్ని మనవులు ఉంచుతున్నాము. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

చేరిన మొదటి వారంలో మార్కులతో నిమిత్తం లేని ఒక చిన్న పరీక్ష పెట్టి, ఎవరి తడబాటు ఎక్కడ ఉన్నదో గుర్తించాలి. ఆ సమయంలోనే కంటి పరీక్ష కూడ జరిపించాలి. తరగతులకు ముందో తరువాతనో అరగంట వంతెన తరగతి నడపాలి. అందులో ఉర్దూలో వివరిస్తూ తెలుగు నేర్పడానికి అభ్యంతరం ఉండరాదు. తెలిసిన భాషను మెట్టుగా చేసుకొని తెలియని భాషను అందుకోవడం సహజమైన మార్గం. తెలుగు విద్యార్థినీ ఉర్దూ విద్యార్థినీ జంటగా కూర్చుండబెట్టే పద్ధతిని ప్రోత్సహించాలి.

తల్లిదండ్రులతో కూడ మాట్లాడవలసి ఉన్నది. ఒక్క విషయంలో తప్పగానే "ఇక చదివింది చాలు" అని అబ్బాయిని దుకాణంలో కూర్చోబెట్టడమో, అమ్మాయిని ఇంట్లో ఉంచడమో జరుగుతున్నది. ముఖ్యంగా అమ్మాయిలకు మరల ప్రయత్నించే అవకాశం తక్కువ. అబ్బాయి తప్పితే సోమరి అంటారు, అమ్మాయి తప్పితే చదువే అనవసరం అంటారు. గుణింతాలలో దిద్దదగిన తప్పు ఒకటి ఒక జీవితపు దిశను నిర్ణయించడం ఎంత అన్యాయమో పెద్దలు ఆలోచించాలి. ఫలితాలు వచ్చిన వారంలో ఆ ఇళ్ళకు కళాశాల తరఫున ఒక్కరు వెళ్ళి, "ఇది తీరే కష్టమే, ఇంకొక అవకాశం ఇవ్వండి" అని చెప్పగలిగితే కొందరి చదువైనా నిలుస్తుంది.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! విజయం అంటే మొదటి స్థానం మాత్రమే కాదు. నిన్న చదవలేని వాక్యాన్ని నేడు చదవగలగడం కూడ విజయమే. నిన్న చేయలేని లెక్కను నేడు చేయగలగడం కూడ విజయమే. ఇట్టి చిన్న విజయాల మొత్తమే సంవత్సరాంతాన పట్టికలో కనిపించే ఫలితం. "నాకు చదువు రాదు" అన్న మాట నోటికి వచ్చినప్పుడు దానిని కొంచెం మార్చి, "నాకు ఫలానాది ఇంకా రాలేదు" అని అనండి. ఆ ఫలానాది ఏమిటో కాగితం మీద వ్రాసుకొని మా దగ్గరకు రండి. ఆ తరువాతి పని మీదొక్కరిదీ కాదు, మాదొక్కరిదీ కాదు. అది మనది.